తామర తగ్గిన శ్రావణం

మొన్న బీపీ మాత్రల కోసం మందుల అంగడికి పోయాను. నా ముందు నిలబడిన ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, అంగడి అతనికి తప్ప ఇంకెవరికీ వినబడకూడదన్నట్టు, "అదేప్పా... దురదకి పూసుకునేది. నీలం డబ్బా. పైన తెల్ల గీత ఉంటాది సూడు" అంది. అతను తల కూడా తిప్పకుండా చెయ్యి మాత్రం వెనక్కి చాచి, అరలోంచి ఒక ట్యూబు తీసి కవరులో వేశాడు. ఎవరు రాసిచ్చారని అడగలేదు, ఎక్కడ పూస్తావని అడగలేదు. పరాయివాళ్ళ సంగతుల్లో తలదూర్చే అలవాటు నాకు లేదు గానీ, ఆ నీలం డబ్బా చూశాక నోరు ఊరుకోలేదు. "డాక్టరుకు చూపించినారా అమ్మా?" అన్నాను. ఆవిడ నన్ను కిందనుంచి మీదికి చూసి, "రోంత దురదకి డాక్టరెందుకు మ్మా!" అని నవ్వి, ట్యూబును సంచీ అడుగున కూరగాయల కింద దాచుకొని వెళ్ళిపోయింది. మాటకు మాట, నవ్వుకు నవ్వు, అచ్చం మా అత్తే. ఇంటికి వచ్చేదాకా ఐదారేళ్ళ కిందటి వేసవి ఒకటి కళ్ళముందు తిరుగుతూనే ఉంది.

ఆదోనిలో మా అత్తవారిది బట్టల అంగడి. అంగడి వెనకే ఇల్లు, ఇంటి మీద విశాలమైన మిద్దె. మామ గల్లా ముందు కూర్చుంటే అత్త ఇంట్లో కూర్చునేది కాదు, ఎక్కడా కూర్చునేది కాదు. పొడగరి, వెడల్పాటి మనిషి, గొంతు మరీ పెద్దది. మిద్దె మీద నుంచి ఆమె పాలవాణ్ణి పిలిస్తే పక్క వీధి పాలవాడు కూడా ఆగేవాడు. అరవై దగ్గర పడే వయసులో, గుడిలో ఎవరో ఆడవాళ్ళకు కోలాటం నేర్పుతున్నారని తెలిసి, ఊరికే చూసి వస్తానని పోయింది. చీకటి పడే వేళకు చెమటలు కారుతూ, చేతిలో రెండు కోలలతో తిరిగొచ్చింది. "ఈ వయసులో ఈ ఎగరడం ఏంది?" అన్నాడు మామ. "ఈ వయసులో ఆ కూర్చోడం ఏంది?" అంది అత్త. ఆ సంభాషణ అంతటితో ముగిసింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆమె చుట్టూ ఇరవై మంది ఆడవాళ్ళ జట్టు తయారైంది. సాధన మా మిద్దె మీదే. సాయంత్రం ఎండ దిగగానే కోలల చప్పుడు మొదలయ్యేది. కింద అంగడిలో చీర బేరం చేసే వాళ్ళు కూడా తెలియకుండానే ఆ తాళానికి తల ఊపేవాళ్ళు.

జట్టులో నాకు బాగా గుర్తున్నవాళ్ళు ఇద్దరు. ఒకరు మా ఎదురింటి పిన్ని. ఇంటి వసారాలోనే పొద్దున ఉగ్గాణి, బజ్జీ వేసి అమ్మేది. వీధిలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఆమె దగ్గర మందు ఉండేది. తలనొప్పికి ఫలానా మాత్ర, కీళ్ళకు ఫలానా నూనె. చదివింది లేదు, ఎవరి దగ్గరా నేర్చుకున్నదీ లేదు, ధైర్యం మాత్రం చెప్పలేనంత. రెండోది కోసిగి అమ్మాయి. కోసిగి దగ్గర పల్లె నుంచి వచ్చి, మొగుడు దూది మిల్లులో పనిచేస్తుంటే మా వీధి చివర చిన్న గదిలో ఉండేది. పాలు తాగే బిడ్డ ఉన్నాడు. సన్నటి మనిషి, మాటలో సగం కన్నడం. జట్టులోకి ఆలస్యంగా వచ్చింది గానీ, కోలాటంలో అడుగుల వరుసను కోపు అంటారే, ఆ కోపులు ఆమె పట్టుకున్నంత త్వరగా ఎవరూ పట్టుకోలేదు. అత్త ఆమెను చూసినప్పుడల్లా, తన చేతిలో అంతకుముందెప్పుడూ పడని మంచి గుడ్డ పడినట్టు చూసేది.

జట్టుకు వేషం మామ అంగడి నుంచే. దూరం నుంచి కూడా మెరవాలని అత్త పట్టుబట్టి, పట్టులా కనబడే పాలిస్టరు చీరలు, చేతులు పట్టేసే జాకెట్లు, నడుముకు వెడల్పాటి జరీ పట్టీలు కుట్టించింది. అన్నీ ఒకే ఇనప పెట్టెలో ఉండేవి. ఆట అయిపోగానే ఎవరి చెమటతో వాళ్ళు విప్పి అందులో పడేయడం, మళ్ళీ ఆటనాడు ఎవరి చేతికి ఏది వస్తే అది కట్టుకోవడం. ఒక్క పట్టీని నలుగురు నడుములకు మార్చుకున్న రోజులు కూడా ఉన్నాయి. అదంతా మాకు అప్పుడు స్నేహంలాగే కనబడింది.

ఆ వేసవి మొదట్లో మంత్రాలయం నుంచి ఫోను వచ్చింది. శ్రావణంలో స్వామి ఆరాధన రోజుల్లో రథం ముందు ఆడటానికి మా జట్టును రమ్మన్నారు. అత్త ఫోను పెట్టేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం మా ఇంట్లో అంత అరుదు కాబట్టి మామ అంగడి వదిలి లోపలికి వచ్చి, "ఎవరన్నా పోయినారా?" అని అడిగాడు. "పోలేదు. మనం పోతాండాం" అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత కొన్ని రోజులకే ఆమెలో ఏదో తేడా కనబడింది. చీర కుచ్చిళ్ళు రోజుకొక చోట దోపుకునేది. కూర్చున్న చోట కుదురు లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ గోడకు ఆనుకొని, ఎద్దు రాసుకున్నట్టు నడుము రుద్దుకునేది. "ఏమైంది అత్తా?" అంటే "చెమటకాయలు" అనేది. ఆదోని వేసవిలో చెమటకాయలు లేని మనిషి ఉండడు గనక నేనూ నమ్మాను. ఒకరోజు స్నానాల గది తలుపు సరిగ్గా పడక, లోపల అద్దం ముందు ఆమె నడుముకు ఏదో పూసుకుంటూ కనబడింది. నడుము చుట్టూ ఎర్రటి చక్రాలు, ఒకదాన్ని ఒకటి తాకుతూ, అంచుల్లో పొక్కులతో, మధ్యలో చర్మం పల్చబడి కాగితంలా మెరుస్తూ ఉంది. చేతిలో నీలం ట్యూబు. తామర అని చూడగానే తెలిసిపోయింది.

"ఎప్పటినుంచి అత్తా?" అన్నాను.

"గట్టిగా అరవొద్దు మ్మే. ఎదురింటామె ఇచ్చింది. పూసిన రెండు దినాలకే చల్లగా తగ్గిపోతాది. ఆపితే మల్ల వస్తాది, అంతే. మల్ల పూస్తాండా."

"వచ్చిన ప్రతిసారీ ఇంకా పెద్దగా వస్తాండాది కదా?"

అత్త ట్యూబు మూత బిగించింది. చీర సర్దుకుంటూ, "మీ మామకు చెప్పొద్దు. మంత్రాలయం దాకా ఇట్లే నెట్టుకొస్తా" అంది. రథం ముందు ఆడాల్సిన మనిషికి మెట్లు దిగడమే కష్టంగా ఉందని నాకు ఆ పూటే అర్థమైంది.

దాచిపెట్టిన విషయం బయటపడే రోజు నాలుగు నాళ్ళలోనే వచ్చింది. ఆ సాయంత్రం సాధనకు అందరూ చేరారు. పొట్టి చేతుల జాకెట్టు వేసుకున్న కోసిగి అమ్మాయి మోచేతి పైన రూపాయి బిళ్ళంత ఎర్రటి చక్రం ఒకటి ఉంది. ఎదురింటి పిన్ని దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "ఇదిగో, చెప్తి కదా! మన పట్టీలకు, పెట్టెకు ఈ జబ్బు ఎవరు తెచ్చినారో. వాళ్ళ పల్లెలో నీళ్ళు యాడుంటాయి? సరిగ్గా నీళ్ళు పోసుకోకపోతే ఇట్లే వస్తాది. ఈ పిల్ల వచ్చినంకనే మొదలైంది ఇదంతా" అంది. అందరి చూపూ ఆ అమ్మాయి చేతి మీద పడింది. ఇద్దరు ముగ్గురు కోలలు పట్టుకున్న చేతులు వెనక్కి లాక్కున్నారు. "నేను దినానికి రెండు తూర్లు నీళ్ళు పోసుకుంటాండా పిన్నీ. మా పల్లెలో కూడా పోసుకుంటారు" అంది కోసిగి అమ్మాయి. కోలలు చాప మీద పెట్టి, కొంగుతో చేతిని కప్పుకొని మెట్ల వైపు నడిచింది.

"యాడికి పోతాండావు? నిలబడు" అంది అత్త.

ఆమె మిద్దె మధ్యకు వచ్చింది. తన కోలలు నాకు ఇచ్చింది. ఆ తర్వాత, మామ ముందు కూడా గాజులు సర్దుకోవడానికి పక్కకు తిరిగే మనిషి, అంతమంది ఎదుట కుచ్చిళ్ళ దగ్గర చీర వదులు చేసి, నడుము వెలుతురుకు తిప్పి నిలబడింది. "సూడండి. అందరూ దగ్గరికొచ్చి సూడండి. ఈ పిల్ల మన జట్టులోకి రాకముందు నుంచి నాకుండాది ఇది. ఆ పిల్లది చేతి మీద ఉండాది గనక కనబడె. నాది చీర కింద ఉండాది గనక నేను గొప్పదాన్నయితి. పట్టీ నా నడుము నుంచి ఎంతమంది నడుములకు పోయిందో నాకే తెల్దు. ఇంక చెప్పండి, ఎవరెవరికి ఉండాది? సిగ్గుపడేటోళ్ళు ఇంటికి పోండి. మంత్రాలయానికి మాత్రం రావద్దు."

కింద అంగడిలో మామ గుడ్డ చింపే చప్పుడు వినబడింది. ముందుగా జట్టులోనే ఉన్న పాల కేంద్రం నడిపే అక్క తన జాకెట్టు చంక దగ్గర చూపించింది. ఆ తర్వాత ఇంకొకరు మెడ. వెనక వరసలోంచి ఒకామె, "నాకూ ఉండాది అక్కా, అయితే ఉండేచోటు ఈడ చూపించేది కాదు" అంది. దాంతో అందరికీ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఒక్కొక్కరూ చెప్పుకున్నారు. సగం జట్టుకు పైగా ఉంది. అందరి ఇంట్లోనూ అదే నీలం ట్యూబు. అన్నిటికీ మూలం ఎదురింటి వసారా. చివరికి మిగిలింది పిన్ని ఒక్కతే. ఆమె కాసేపు ఆకాశం చూసి, కాసేపు నేల చూసి, "నాకు వీపుకు ఉండాది. చెయ్యందక మా ఆయనతో పూయించుకుంటాండా. ఆయనకూ వచ్చె" అంది. కోసిగి అమ్మాయి మెట్ల దగ్గరే నిలబడి, కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉంది. అత్త వెళ్ళి ఆమె కోలలు ఆమె చేతికి ఇచ్చింది.

ఆ వారంలోనే ఒక వ్యాను మాట్లాడుకొని కర్నూలు పోయాం. చర్మం డాక్టరమ్మ గది బయట బెంచీలన్నీ మా జట్టుతోనే నిండిపోయాయి. ఎవరి ట్యూబులు వాళ్ళు తెమ్మని ముందే ఫోనులో చెప్పారు. అవన్నీ బల్ల మీద పెడితే నీలం డబ్బాల గుట్ట అయింది. డాక్టరమ్మ నడివయసు మనిషి, కళ్ళద్దాల మీద నుంచి చూసే అలవాటు. గుట్టను చూసి, మమ్మల్ని చూసి, "మీరు జబ్బు చూపించుకోడానికి వచ్చినారా, అంగడి పెట్టడానికి వచ్చినారా?" అంది.

"తగ్గుతాది అని పూసుకున్నాం డాక్టరమ్మా. తగ్గింది కూడా" అంది అత్త.

"తగ్గలేదమ్మా. ఇందులో స్టెరాయిడ్ కలిసి ఉండాది. అది ఎరుపును, దురదను అణిచేస్తాది. మీకు హాయిగా ఉంటాది. లోపల తామర మాత్రం అడ్డు లేకుండా మేసుకుంటా పోతాది. నెలల తరబడి పూసి పూసి నడుము కాడ చర్మం ఎట్ల పల్చబడిందో మీరే సూడండి. ఈ చారలు చూసినారా? ఇవి మీ తామర చేసినవి కావు, ఈ ట్యూబు చేసినవి."

అత్త మొహం చిన్నబోయింది. డాక్టరమ్మ ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, అంచు దగ్గర చర్మం గీకి పరీక్షకు తీసింది. చక్కెర ఉందా, లివరు జబ్బు ఉందా, ఇంకేం మందులు వాడుతున్నారు అని అడిగింది. కోసిగి అమ్మాయి వంతు వచ్చినప్పుడు, ఆమె బిడ్డకు పాలిస్తున్నానని చెప్పగానే డాక్టరమ్మ కలం ఆపి, "అది చెప్పడం మంచిదయింది. నీకు మాత్రలు వద్దు, ఈ క్రీము చాలు. పూసిన చోట బిడ్డ నోరు, చెయ్యి తగలనీయొద్దు" అంది. అత్తకు, మరికొందరికి ఒళ్ళంతా పాకింది కాబట్టి మాత్రలూ రాసింది. మిగతావాళ్ళకు ఉత్త తామర క్రీమే.

తర్వాత అందరినీ ఒకేసారి లోపలికి పిలిచి, అత్త చేతిలో కొత్త ట్యూబు పెట్టింది. "స్నానం చేసి, మెత్తగా అద్దుకొని, తడి పూర్తిగా ఆరినాక పూయాల. అన్నం మీద నెయ్యి పోసినట్టు కాదు, పల్చగా. ఎర్రగా ఉన్న దాని మీదనే కాదు, అంచు దాటి బయట రెండు వేళ్ళ మేర కూడా. బయటి నుంచి లోపలికి పూసుకుంటా రావాల. పూసినాక చేతులు సబ్బుతో కడుక్కోవాల. కంట్లో, నోట్లో తగలనీయొద్దు. మంట ఎక్కువైనా, బొబ్బలొచ్చినా, వాచినా ఆపేసి నాకు ఫోను చేయండి. దీని మీద నిమ్మకాయ, సున్నం, జండూబాము ఏమీ రుద్దొద్దు. ఒకరి ట్యూబు ఇంకొకరు వాడొద్దు. ఇంట్లో ఎవరికి ఉన్నా వాళ్ళను కూడా పంపించండి, లేకుంటే మీకు తగ్గినా వాళ్ళ నుంచి మల్ల వస్తాది." కాస్త ఆగి, "ముఖ్యమైంది ఇంకొకటి. కనబడకుండా పోయినాక కూడా, నేను ఆపమనేదాకా ఆపొద్దు" అంది.

"శ్రావణానికి తగ్గుతాదా తల్లీ?" అంది అత్త. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నేను చెప్పినట్టు చేస్తే ఆడగలుగుతావు. కానీ మొదట్లో ఇంకా ఎక్కువవుతాది. ఆ పాత ట్యూబు ఆపినందుకు ఒళ్ళు అలుగుతాది. అప్పుడు తట్టుకోవాల." నీలం ట్యూబులన్నీ తన చెత్తబుట్టలోనే వేయించి మమ్మల్ని పంపించింది.

ఒళ్ళు అలగడం అంటే ఏమిటో ఇంటికొచ్చిన మూడో నాలుగో రోజున తెలిసింది. మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు, గోడలు కూడా వేడి కక్కుతున్నాయి. అత్త నడుమంతా కందిపోయి, కారం పూసినట్టు మండుతోందని ఇల్లంతా తిరుగుతోంది. తిరిగి తిరిగి నా ముందు నిలబడింది. "మ్మే, ఒక్కటంటే ఒక్క తూరి. రోంత. పాతది తెప్పియ్యి. ఈ పూట గడిస్తే చాలు, రేపటి నుంచి డాక్టరమ్మ చెప్పినట్టే చేస్తా." నన్ను ఆజ్ఞాపించడమే గాని ఆమె నన్ను ఎప్పుడూ అడిగింది లేదు. ఆ కళ్ళు చూసి నా కాళ్ళు అంగడి వైపు పోబోయిన మాట నిజం. డాక్టరమ్మకు ఫోను చేశాను. బొబ్బలు లేవు, వాపు లేదు అని చెప్పాక, "అయితే భయం లేదు, ఇది రావాల్సిందే. చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ వేయండి, రాసిచ్చిన దురద మాత్ర వేయండి, గోళ్ళు కత్తిరించండి, గోకనీయొద్దు" అంది.

ఎప్పుడు విన్నాడో ఏమో, మామ అంగడి తలుపు సగం దించి లోపలికి వచ్చాడు. అన్నేళ్ళ కాపురంలో మధ్యాహ్నం అంగడి మూసింది ఆ ఒక్కరోజే. బేసిన్లో నీళ్ళు పెట్టుకొని, కొత్త మల్లు గుడ్డ తానులోంచి ముక్క చించి, తడిపి, పిండి, ఆమె నడుముకు వేశాడు. ఆరితే మళ్ళీ తడిపాడు. ఆమె చెయ్యి నడుము మీదికి పోయినప్పుడల్లా ఆ చేతిలో కోల పెట్టాడు. "నీ పాట ఏదో ఉండాదే, చెప్పు, నేను పాడతా" అన్నాడు. పాడాడు కూడా. మామ గొంతులో కోలాటం పాట వినడం తామర కంటే పెద్ద కష్టమని ఆ పూట తేలింది. "తాళం తప్పినారు! ఆడ కాదు, ఈడ దెబ్బ పడాల!" అని అత్త అరుస్తూ మంచం పట్టె మీద కోలతో కొట్టి చూపించింది. ఆయన మళ్ళీ తప్పాడు. ఆమె మళ్ళీ దిద్దింది. కరెంటు వచ్చేసరికి ఆమె నిద్రపోయింది. మామ గుడ్డ తడుపుతూనే ఉన్నాడు. ఆయన కావాలనే తప్పుతూ పాడాడేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. అడిగితే ఒప్పుకోడు.

అక్కడి నుంచి మలుపు తిరిగింది. మంట తగ్గుముఖం పట్టింది. మేము ఏడాదంతా తిట్టుకునే మా సీమ ఎండ ఆ వేసవి మాకు కూలి అడగని మనిషిలా పనిచేసింది. ఎవరి తువ్వాలు వాళ్ళది, ఎవరి పరుపుగుడ్డ వాళ్ళది. లంగాలు, జాకెట్లు వేడినీళ్ళలో ఉతికి, లోపలి వైపు బయటికి తిప్పి మిద్దె మీద ఆరేస్తే గంటలో అప్పడాల్లా తయారయ్యేవి. కుట్ల మీద ఇస్త్రీ పెట్టె నొక్కి నొక్కి తోసేవాళ్ళం. అత్త స్నానం చేశాక ఫ్యాను కింద తడి ఆరేదాకా కూర్చునేది, అదీ కదలకుండా. ఆమె కూర్చోవడం చూడటానికి మామ అంగడి నుంచి వచ్చి తొంగిచూసి పోయేవాడు. పాత వేషాల పెట్టె ఖాళీ అయింది. మామ ఎమ్మిగనూరు నేత నూలు చీరలు తెప్పించాడు. వదులు జాకెట్లు, ఎవరి కొలతకు వాళ్ళవి, ఎవరి గుర్తు వాళ్ళు కుట్టుకున్నవి. నడుము పట్టీలు పూర్తిగా తీసేశాం. "మెరుపు లేదే" అంది అత్త గుడ్డ తడుముతూ. "మీరు ఆడితే సాలు, మెరుస్తాది" అంది కోసిగి అమ్మాయి.

ఎర్ర చక్రాలు మొదట అంచుల్లో వాడిపోయి, పొట్టు రాలి, ఒకరోజు చేత్తో తడిమితే ఏమీ తగలకుండా పోయాయి. ఎదురింటి పిన్ని సంబరంగా వచ్చి, "నాకు పోయె అక్కా! ట్యూబు పక్కన పెట్టేసినా" అని చెప్పింది. అత్త తనదీ పోయిందని చెప్పింది గానీ పూయడం ఆపలేదు. పొద్దున, సాయంత్రం, పండగ రోజైనా, ఊరెళ్ళే రోజైనా, మాయమైన చక్రాలకు అంచు ఎక్కడ ఉండేదో గుర్తుపెట్టుకొని మరీ పూసుకునేది. "లేని జబ్బుకు మందేంది?" అని పిన్ని నవ్వింది. ఆషాఢం సగం గడిచేసరికి పిన్ని వీపున చక్రం మళ్ళీ లేచింది. ఈసారి ఆమె ఎవరికీ చెప్పకుండా బజ్జీల పొయ్యి ముందు కూర్చొని ఏడుస్తుంటే అత్తే వీధి దాటి వెళ్ళింది. "లే. చీర మార్చుకో. కర్నూలు బస్సుకు ఇంగా టైముండాది. మీ ఆయన్ని కూడా లేపు" అంది. ఆ రోజు నుంచి పిన్ని ఎవరికీ మందు చెప్పలేదు. దురద అని వచ్చిన ప్రతివాళ్ళనీ మా అత్త దగ్గరికి పంపేది. అత్త వాళ్ళను డాక్టరమ్మ దగ్గరికి పంపేది.

శ్రావణానికి ముందు చివరిసారి కర్నూలు పోయినప్పుడు డాక్టరమ్మ కళ్ళద్దాలు సర్దుకొని, అత్త నడుము చుట్టూ దీపం వేసి చూసింది. నల్లటి మచ్చలు మిగిలాయి, చారలు మిగిలాయి, తామర లేదు. "మాత్రలు ఆపేయొచ్చు. క్రీము కూడా ఇంక వద్దు" అంది. అత్త అర్థం కానట్టు, "అంటే?" అంది. "అంటే ఆడుకో పో" అంది డాక్టరమ్మ. బయట బెంచీల మీద ఉన్నవాళ్ళకు వినబడేట్టు అత్త వేసిన కేకకు కాంపౌండరు పరుగెత్తుకొచ్చాడు.

మంత్రాలయంలో ఆ పొద్దున సన్నటి తుంపర. తుంగభద్రకు నీళ్ళు వచ్చి ఉన్నాయి. రథం బయలుదేరే ముందు జట్టు ఆడవాళ్ళంతా వరుసలు కట్టారు. నాకు కోలాటం రాదు. తాళాలు వాయించడానికి నన్ను పక్కన నిలబెట్టారు. ముందు వరుసలో ఎవరు ఉండాలనేది జట్టులో ఎప్పుడూ రగడే. ఆ రోజు పిన్ని తన జడలోని కనకాంబరాల్లో సగం తుంచి కోసిగి అమ్మాయి జడలో పెట్టి, "నువ్వు ముందుండు. నిన్ను చూసి నేను అడుగేస్తా" అని తాను వెనక్కి పోయింది. కోసిగి దగ్గరే గనక ఆ అమ్మాయి అత్తింటివాళ్ళు, పల్లె వాళ్ళు ఆటో నిండా వచ్చారు. ఆమె అత్త మనవణ్ణి చంకనెత్తుకొని, "అదిగో, మా సొసె! ముందర ఉండేది మా సొసె!" అని పక్కవాళ్ళందరికీ చూపించడం తాళాల మధ్య కూడా నాకు వినబడింది. సొసె అంటే వాళ్ళ వైపు కోడలు.

మా అత్త పాట ఎత్తుకుంది. మైకు ఇస్తామన్నా వద్దంది, అవసరమూ లేదు. నలభై కోలలు ఒక్కసారి కలిసిన చప్పుడుకు జనం అటువైపు తిరిగారు. నూలు చీరలు తుంపరకు తడిసి రంగు ముదిరాయి. రథం కదిలింది, మా వాళ్ళు దాని ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, తిరుగుతూ, వంగుతూ, లేస్తూ ఆడారు. ఒక మనిషి రోడ్డు మీద వంగి నేలకు కోల తాకించి, లేచి, గిర్రున తిరిగి పక్కామె కోలను అందుకునే కోపు ఒకటి ఉంది. ఆ వేసవంతా అత్త దాన్ని వదిలేసింది, నడుము వంగేది కాదు. ఆమె ఆ రోజు దాన్ని వేసింది. వేసి, జనం ఈలలు వేస్తే, ఇంకోసారి వేసింది. గుంపులో మామ ఉన్నాడు. చప్పట్లు కొట్టాడు, తాళం తప్పకుండా.

ఆట అయ్యాక అందరం నది మెట్ల మీద కూలబడ్డాం. పక్క ఊరి జట్టులో ఒకామె వచ్చి, మా నూలు చీరల గురించి అడుగుతూ అడుగుతూ గొంతు తగ్గించి, "అక్కా, మాకు కూడా రోంత ఆ బాధ ఉండాది... మీరేదో వాడినారంట కదా, పేరు చెప్పు" అంది. ఒకప్పుడైతే మొహం తిప్పుకునే అత్త ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, "పేరు చెప్పను. డాక్టరును చెప్తా" అని, తన నడుము సంగతి మొదటి నుంచి చివరి దాకా, నది దాటి వినబడేంత గొంతుతో చెప్పింది. దాచుకోవాల్సింది ఇప్పుడు ఏమీ లేదు, సగం మంత్రాలయానికి తెలిసిపోయింది.

అత్తకు ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. జట్టును కోసిగి అమ్మాయి నడుపుతోంది. అత్త మిద్దె మీద కుర్చీ వేయించుకొని, కూర్చోవడం అలవాటు చేసుకుంటూ, తప్పులు ఎంచుతుంది. కాలం ఆమె నుంచి పరుగు తీసుకుంది, చూపు కొంత తీసుకుంది, గొంతులో పదును కూడా తీసుకుంటోంది. ఆమె నడుము మీది ఆ నల్లటి మచ్చలను మాత్రం మా ఎవరి ప్రమేయమూ లేకుండా, ఏటికేడు కొంచెం కొంచెంగా, చెప్పకుండా తుడిచిపెట్టుకుంటూ పోతోంది. కాలం చేతిలో ఇంత మెత్తదనం కూడా ఉందని ఆ మచ్చలు పల్చబడటం చూశాకే నాకు తెలిసింది.